కెంపమ్మ చేయించిన కుర్చీ

పాపకు రాగి జావ తాపుదామని కెంపమ్మ కింద కూర్చుంది. తాపింది. తర్వాత లేవలేకపోయింది. జరిగింది అంతే. కానీ పుంగనూరులో ఆ వీధికి అంతే అయితే సరిపోదు కదా.

ఆమె గోడ పట్టుకుని ఒక మోకాలు ఆనించి రెండోది లేపేలోగా, తొమ్మిది నెలల మనవరాలు చేతన పాక్కుంటూ గడప దాటింది, వసారా దాటింది, మెట్ల అంచుకొచ్చి కిందికి తొంగి చూస్తోంది. ఎదురింటి ఈశ్వరమ్మ బట్టలు ఆరేస్తూ చూసి కెవ్వున కేక పెట్టి పరిగెత్తుకొచ్చింది. బిడ్డకు గీత కూడా పడలేదు. గీత పడిందల్లా కెంపమ్మ పరువుకే. ఈశ్వరమ్మ ఒక చంకలో పాపను పెట్టుకుని, రెండో చేత్తో కెంపమ్మ రెక్క పట్టుకుని లాగి నిలబెట్టింది. నిలబెట్టి ఊరుకుంటే ఆమె ఈశ్వరమ్మ ఎందుకవుతుంది? సాయంత్రం కోడలు హేమలత వీధి మలుపు తిరగగానే ఎదురెళ్ళి, మెట్ల మీద ఉన్న బిడ్డను మాటల్లో మెట్ల కిందికి దించి, కింద ఉన్న ముసలమ్మను స్పృహ తప్పించి, కథంతా చెప్పేసింది.

హేమలత పుంగనూరు దగ్గరి పల్లెలో టీచరు. కాన్పు సెలవూ, దాని మీద పెట్టిన సెలవూ అయిపోవచ్చాయి. మళ్ళీ చేరే రోజు మాట్లాడి వద్దామని ఆ పూట బడికి పోయింది. మొగుడు అమర్‌నాథ్ కుప్పంలో గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. వారమంతా అక్కడే అత్తగారింట్లో ఉండి, శనివారం సాయంత్రం పలమనేరు మీదుగా బస్సు పట్టుకుని ఇంటికొస్తాడు. బడి తెరిచిన తర్వాత బిడ్డను చూసుకునేది కెంపమ్మే అని మొదటినుంచీ అనుకున్న మాట. అందుకే ఆమె సోమల దగ్గరి తన పల్లెలో ఇంటికి తాళం వేసి వచ్చింది.

ఆ సాయంత్రం ఫోన్లో కుప్పం నుంచి వియ్యపురాలు యశోదమ్మ గొంతు ఇల్లంతా వినబడింది.

"నేను ముందే జెప్పినా గదమ్మే హేమా. మీ అత్త మోకాళ్ళు మోకాళ్ళా? బిడ్డను ఈడికి తోలిచ్చేయి. వాళ్ళ నాయన గూడా ఈడే ఉండాడు. నేను కింద కూసుంటా, లేస్తా, పరిగెత్తుతా గూడా."

అమర్‌నాథ్ కూడా అటువైపు నుంచే "అదే మంచిది" అన్నాడు. హేమలత "చూద్దాం" అంది. ఆ చూద్దాం ఎటు చూస్తోందో కెంపమ్మకు తెలిసిపోయింది. అందరూ మాట్లాడుకున్నారు, ఒప్పుకున్నారు. పక్కన మంచం మీద కూర్చుని వింటున్న మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు.

"అయిపోయిందా మీ పంచాయితీ?" అంది కెంపమ్మ. "నేను కింద కూసోలేను. నిజమే. దానికి బిడ్డను కుప్పం తోలేదేంది? నేను కిందికి పోలేకపోతే బిడ్డను పైకి తెండి. హోటల్లో పిల్లోళ్ళకు ఎత్తు కుర్చీ ఏస్తారే, అట్లాంటిది ఒకటి తెండి. బిడ్డ దాంట్లో కూసుంటాది. నేను నిలబడి తినిపిస్తా."

"రోజూ మూడు పూట్లా నిలబడతావా అత్తా?"

"నిలబడేదాని గురించి నన్నడుగుతాండావా?"

హేమలత మంచి పిల్ల. అయితే తల్లి కదా, మెట్ల అంచున బిడ్డ అన్న మాట చెవిలో అలాగే మోగుతోంది. ఖచ్చితంగా చెప్పేసింది. "నేను బడిలో చేరేలోపల, నువ్వు కింద కూర్చోకుండా, ఎవరి సాయం లేకుండా పాపకు తినిపించు అత్తా. నా కండ్లతో చూస్తే పాప ఇక్కడే ఉంటుంది. లేదంటే కుప్పం పంపిస్తా. అప్పుడు నువ్వు నన్ను ఏమీ అనకూడదు."

"అననులే. నువ్వే అంటావు, అత్తా తప్పయిపోయిందని."

ఆ మోకాళ్ళు ఊరికే పాడైన మోకాళ్ళు కావు. పెళ్ళయిన కొత్తలో చేను ఎండిపోయి, కెంపమ్మా మొగుడు గంగులప్పా మదనపల్లి టమాటా మార్కెట్టుకు కూలికి పోయారు. గంగులప్ప లారీలకు బాక్సులు ఎత్తేవాడు. ఆమె గ్రేడింగ్ చేసేది. గ్రేడింగంటే, నేల మీద కుప్ప పోసిన కాయల ముందు గొంతుకూర్చుని, పండినవి ఒక పక్కకు, దూరం లారీకి పోయే దోరవి ఒక పక్కకు, పగిలినవి వెనక్కి వేయడం. కుప్ప జరిగేకొద్దీ మనిషీ గొంతుకూర్చునే జరగాలి. లేచి నడిచే తీరిక ఉండదు. తెల్లవారకముందు కూర్చుంటే ఎండెక్కేదాకా అంతే. ఆమె జీవితంలో సగం అలా నేలకు జానెడు ఎత్తున గడిచింది. ఆ కూలితోనే అమర్‌నాథ్‌ను ఐటీఐ దాకా చదివించింది. గంగులప్ప పోయాక కూడా ఆ కుప్పల ముందునుంచి లేవలేదు. ఆఖరికి ఒక డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఇక కింద కూర్చోవద్దమ్మా" అన్నాడు. "ఇప్పుడు జెప్తాండావా నాయనా" అని నవ్వి బయటికి వచ్చేసింది.

కూర్చుంటే లేవడమే కష్టం. నిలబడితే మాత్రం పొద్దు పొడిచింది మొదలు గూకేదాకా నిలబడుతుంది. ఆ సంగతి ఆమెకొక్కదానికే తెలుసు. ఇక మిగతావాళ్ళకు తెలియజెప్పాలి.

ఆదివారం కొడుకును వెంటబెట్టుకుని మదనపల్లి బస్సెక్కింది. బస్టాండు నుంచి కొంచెం ముందుకు పోతే పిల్లల సామాన్ల షాపు. షాపతను దామోదర్ మర్యాదస్తుడు. కుర్చీ అనగానే మూడు రకాలు వరసగా పెట్టించాడు.

"ఇది చూడండమ్మా. బరువే లేదు. ఒక్క చేత్తో ఎత్తేయొచ్చు."

"ఒక్క చేత్తో ఎత్తేటిది ఒక్క తన్నుకు పడిపోతాది. మా పాప తన్నులు నువ్వు తినలా."

అంటూనే కెంపమ్మ ఆ కుర్చీకి పక్కగా నిలబడి నడుముతో ఒక్క తోపు తోసింది. చిన్నప్పుడు వాళ్ళ నాయన సంతలో ఆవును కొనేముందు అట్లాగే భుజంతో తోసి, కాళ్ళు ఊనుకుంటుందా తడబడుతుందా అని చూసేవాడు. ఈ కుర్చీ తడబడలేదు. ఏకంగా వెల్లకిలా పడింది. పక్కనున్న మూడు చక్రాల బండి మీద పడి, అది పోయి ఇంకో బొమ్మ మీద పడి, ఆ బొమ్మ పాట ఎత్తుకుంది.

"ఎవరైనా కుర్చీని అట్లా తోస్తారామ్మా?" దామోదర్ మొహం మాడిపోయింది.

"కూసునేది పెద్దోళ్ళయితే తోయనప్పా. చంటిబిడ్డ. రేపు బిడ్డతో సహా పడితే నువ్వొచ్చి ఎత్తుతావా?"

"మా, జనం చూస్తాండారు మా," అన్నాడు అమర్‌నాథ్ పళ్ళ సందున.

"సూడనీ. వాళ్ళూ కొనేముందు తోసి సూసుకుంటారు."

రెండోదానికి చక్రాలున్నాయి. "ఇంట్లో ఎక్కడికైనా తోసుకుపోవచ్చు" అన్నాడు దామోదర్.

"అన్నం తినేటప్పుడు యాడికి పోవాల? మా ఇంట్లో గచ్చు వాకిలి పక్కకు వాలుగా ఉండాది. నేను చెంచా కోసం ఇటు తిరిగేలోపల బిడ్డ అటు బస్టాండులో ఉంటాది."

మూడోది గట్టిదే. తోస్తే కదల్లేదు. కెంపమ్మ మొదటిసారి తల ఊపింది. దామోదర్‌కు ప్రాణం లేచొచ్చింది. కానీ ఆమె దాని పక్కన నిటారుగా నిలబడి, చేతిలో చెంచా ఉన్నట్టు పట్టుకుని, లేని బిడ్డ నోటికి అందించి చూసింది. నడుము వంగింది.

"ఇది పొట్టి. వంగాల."

"మీరు పక్కన స్టూలు వేసుకుని కూర్చోవచ్చు కదమ్మా. అందరూ అట్లాగే చేస్తారు."

మాట న్యాయమైనదే. అమర్‌నాథ్ కూడా ఆశగా చూశాడు. కానీ కూర్చుంటే లేవాలి. నీళ్ళు కావాలంటే లేవాలి, బిడ్డ పొలమారితే లేవాలి, చెంచా పడితే లేవాలి. లేచేటప్పుడు పట్టుకోవడానికి పక్కనెవరో ఉండాలి. ఎవరో ఉండాలంటే ఇక కుప్పమే.

"అందరి మోకాళ్ళూ నాకియ్యి, నేనూ అట్లే చేస్తా" అని బయటికి నడిచింది.

పుంగనూరుకు తిరిగొచ్చి దిగీ దిగగానే, ఇంటికి కూడా పోకుండా, బస్టాండు వెనక తలుపులు చేసే బాలప్ప కొట్టం దగ్గర ఆగింది. బాలప్ప ముసలివాడు, మాట మెత్తన. పిల్లల కుర్చీ ఎప్పుడూ చేయలేదన్నాడు. "నేనూ ఎప్పుడూ కొనలేదు. ఇద్దరం నేర్చుకుందాం" అంది కెంపమ్మ. ఎత్తు తన నడుం దగ్గర చేయి పెట్టి చూపించింది. కూర్చునే పలక ఇక్కడికి రావాలి. ముందర గిన్నె పెట్టడానికి అడ్డపలక, అది తీసి కడగడానికి రావాలి. కాళ్ళు వేలాడకుండా కింద ఒక పట్టీ. అంచులన్నీ నున్నగా ఉండాలి, ఒక్క చిదుగు గుచ్చుకున్నా ఊరుకోనంది.

"ఇంత ఎత్తంటే ఊగుతాదిమ్మా," అన్నాడు బాలప్ప.

"ఊగకుండా కాళ్ళు యడంగా పెట్టు. ఆవు నిలబడినట్టుండాల. ముందు కాళ్ళు ముందుకు, యనక కాళ్ళు యనక్కి. నేను తోసి సూస్తా, కదిలిందా, దుడ్లియ్యను."

"అట్లయితే శానా పెద్దదైతాది. మీ ఇంటి తలుపు..."

"తలుపు నిన్నెవరు చేయమన్నారు? కుర్చీ చేయి."

బాలప్ప ఇంకోసారి నోరు తెరిచాడు. కెంపమ్మ అప్పటికే రోడ్డు దాటింది.

గురువారం చిన్న ట్రాలీ ఆటోలో కుర్చీ తీసుకుని బాలప్ప వచ్చాడు. వేపకర్ర, నున్నగా చిత్రిక పట్టి, పసిబిడ్డ నోట పెట్టుకున్నా పరవాలేదని రంగు వేయకుండా వదిలేశాడు. వీధి వీధంతా గడపల్లోకి వచ్చింది. కెంపమ్మ ఆటో దగ్గరే దాన్ని దింపించి, నడుముతో ఒక తోపు, భుజంతో ఒక తోపు తోసింది. కుర్చీ కదల్లేదు. ఆమె మొహంలో వెలుగు చూడాలి. ఆ వెలుగు గడప దాకా ఉంది.

గడప దగ్గర కుర్చీ ఆగిపోయింది. నేరుగా పెడితే రాలేదు. పక్కకు తిప్పితే రాలేదు. తలకిందులు చేసి కాళ్ళు ముందుగా దూర్చితే రెండు కాళ్ళు లోపలికి పోయి, తక్కిన రెండూ బయట గోడకు ఆనుకున్నాయి. తలుపు రెక్కలు ఊడదీశారు. అయినా రాలేదు. ఆటో అబ్బాయి చెమటలు తుడుచుకుంటూ, "కిటికీలోనుంచి..." అనబోయి కెంపమ్మ చూపు చూసి మానేశాడు.

"ఆ పొద్దు నేను తలుపు సంగతే జెప్పబోయినామ్మా," అన్నాడు బాలప్ప మెల్లగా.

"జెప్పబోయినావు. జెప్పలా. నా నోటికి భయపడేవాడివి ఉలి యట్ల పట్టినావప్పా?"

నోరైతే అలా అంది. తప్పు తనదేనని లోపల తెలుసు. ఎత్తు చూసుకుంది, బరువు చూసుకుంది, తోసి చూసుకుంది. ద్వారబంధం మాత్రం చూసుకోలేదు. మార్కెట్టులో పనిచేసిన మనిషి, అక్కడ తలుపులెక్కడివి? ఏ సామానైనా నాలుగు దిక్కులనుంచీ వచ్చేదే.

"కాళ్ళు రొంత కోసి దగ్గరికి జేరుస్తా," అన్నాడు బాలప్ప.

"కోస్తే పొట్టిదైతాది. జేరిస్తే ఊగుతాది. ఇంగ నేనెందుకు చేయించుకునింది? ఈడే ఉండనీ."

అలా కుర్చీ వసారాలో నిలిచింది. మెట్ల పక్కన, వీధికి ఎదురుగా. హేమలత చూసింది. మెట్లకు అడ్డంగా పాత తలుపు చెక్క ఒకటి కట్టింది. తర్వాత చేతులు కట్టుకుని ద్వారబంధానికి ఆనుకుని నిలబడింది. చూస్తానన్న మనిషి చూడాలి కదా.

ఆ సాయంత్రం మొదటి పూట. పాత నూలు చీర చించి నడుముకు పట్టీ చేసింది కెంపమ్మ. పాపను కూర్చోబెట్టింది. పెట్టగానే, ఏమీ ఆలోచించకుండా, కుర్చీని ఈడ్చి గోడవైపుకు తిప్పేసింది. తను వీధికి వీపు పెట్టి నిలబడి, పైట కొంగు తీసి గిన్నె మీద కప్పుకుని, ఒక్కో ముద్ద చాటుగా అందించడం మొదలుపెట్టింది.

ఆ వైపు ఊళ్ళలో ఎవరైనా అంతే. చంటిబిడ్డ తినేది పరాయి కంట పడకూడదు, దిష్టి తగులుతుంది. తల్లి కొంగు కింద, తలుపు చాటున, గోడవైపు తిరిగి తినిపించాల్సిందే. దానికోసం ఆలోచించనక్కర్లేదు, చేతులే చేసేస్తాయి.

పాప మాత్రం గోడ చూడటానికి ఒప్పుకోలేదు. మెడ వెనక్కి తిప్పి, నడుం తిప్పి, వీధిలో పోతున్న గేదెను చూడాలని గింజుకుంది. కెంపమ్మ ఒక చేత్తో ఆ చిన్న తలను పట్టుకుని గోడవైపు తిప్పింది. మళ్ళీ తిరిగింది. మళ్ళీ తిప్పింది. మూడోసారి తల మీద చేయి వేసేసరికి ఎందుకో ఆ చేయి ఆగిపోయింది.

ఇలాగే ఒక తలను తిప్పింది. మార్కెట్టులో. అమర్‌నాథ్ అప్పుడు ఇంత బిడ్డ. టమాటా బాక్సులో గోనెసంచి పరిచి వాణ్ణి కూర్చోబెట్టేది. పొద్దెక్కాక మండీ వెనక గోడ దగ్గరికి బాక్సు లాక్కునిపోయి, వాడి మొహం గోడకు తిప్పి, కొంగు కింద రాగి జావ తాపేది. అందరూ దిష్టికనే అనుకునేవాళ్ళు. ఆమె కూడా అదే చెప్పేది. కానీ ఆ జావలో రాగిపిండి ఎంత, నీళ్ళెంత అనేది ఆమెకు తెలుసు. అది నలుగురికీ కనబడకూడదనే కొంగు కప్పింది. ఆ గోడ పక్కన అలా తిరిగి కూర్చున్న తల్లులందరి కొంగుల కిందా అవే నీళ్ళు. అందరూ ఒకరికొకరు వీపులు చూపించుకుని, అందరూ దిష్టి పేరు చెప్పుకునేవాళ్ళు.

ఇప్పుడు గిన్నెలోకి చూసింది. మెత్తగా మెదిపిన అన్నం, పెసరపప్పు, క్యారెట్టు, పైన నెయ్యి.

"దీన్ని ఏల దాస్తాండానే నేను?" అని తనలో తానే అనుకుని, కొంగు తీసి నడుముకు చుట్టుకుంది. కుర్చీని పట్టుకుని, రొప్పుతూ, గీరుకుంటూ మళ్ళీ వీధివైపుకు తిప్పింది.

వీధి ఊరుకుంటుందా? మొదట ఈశ్వరమ్మే దిగింది.

"ఏమ్మే కెంపమ్మా, మతి పోయిందా? బిడ్డ కూడు ఈదికి సూపిస్తారా యాడన్నా? పోయేటోళ్ళు, వచ్చేటోళ్ళు, ఎవురి కన్ను ఎట్లాంటిదో!"

"నీ కన్ను ఎట్లాంటిదే ఈశ్వరమ్మా?"

"నాదేం జేసిందమ్మే? మంచిదే."

"అయితే దగ్గిరికొచ్చి సూడు. నెయ్యి సాలునా, ఇంకొంచెం ఏయాల్నా?"

ఈశ్వరమ్మ తిట్టుకుంటూ పోయింది. రెండో పూటకు మళ్ళీ వచ్చింది, దూరంగా నిలబడి చూడటానికి. పూలమ్మే మనిషి ఆగి "పాపా" అని పిలిచిపోయింది. స్కూలు ఆటో పిల్లలు చేతులూపారు. పాప అడ్డపలకను చరుస్తూ వాళ్ళకు అన్నం చూపించింది. చిన్న చేతులతో తిన్నంత తింది, చల్లినంత చల్లింది. కెంపమ్మ నిటారుగా నిలబడే ఉంది, వంగలేదు, కూర్చోలేదు. హేమలత గడప దగ్గర నుంచి లోపలికి వెళ్ళింది. తల్లికి ఫోను చేసిందని తర్వాత తెలిసింది. ఏం చెప్పిందో తెలియలేదు. ఈశ్వరమ్మ ఏం చెప్పిందో మాత్రం ఎవరైనా ఊహించుకోవచ్చు, ఆమె దగ్గరా యశోదమ్మ నెంబరుంది.

ఆదివారం పొద్దున్నే యశోదమ్మ దిగింది. వెంట, ఆమె కోసం శనివారం బస్సు మానుకున్న అల్లుడు అమర్‌నాథ్, అతని చేతిలో బాలప్ప దగ్గర ఎరువు తెచ్చిన రంపం. యశోదమ్మ చంకలో ఖాళీ బ్యాగు. పాప బట్టలు సర్దుకుపోవడానికని ఎవరూ చెప్పనక్కర్లేదు. మర్నాడు హేమలత బడిలో చేరాలి.

యశోదమ్మ ఆవులు మేపి, పాలు పోసి, ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. మాటకు మాట ఆమెకూ వచ్చు. వీధి మొదట్లోనే ఆగి, వసారాలో అంత ఎత్తున, అందరికీ కనబడేట్టు కూర్చుని ఇడ్లీ నములుతున్న మనవరాలిని చూసి గుండెల మీద చేయి వేసుకుంది.

"వొదినా! ఏందిది? ఊరేగింపా? బిడ్డను గద్దెక్కించి ఊరంతా దిష్టి పెట్టిస్తాండావా?"

"రా వొదినా. నువ్వూ పెట్టిపో."

"ఎగతాళి కాదు. పడితే?"

"తోసి సూడు."

యశోదమ్మ నిజంగానే కుర్చీ కాలు పట్టుకుని కుదిపింది. కదల్లేదు. ఆమెకు ఇంకా కోపం వచ్చింది.

అమర్‌నాథ్ మధ్యలో దూరాడు. "ఇదో, అందరికీ సరిపోయే మాట జెప్తా. కాళ్ళు కోసేస్తా. కుర్చీ లోపలికి వస్తాది. తలుపేసుకుని తినిపించొచ్చు. దిష్టీ ఉండదు, గొడవా ఉండదు. నువ్వు పక్కన స్టూలేసుకుని కూసో మా." రంపం కింద పెట్టి, ఒక కాలి మీద గీత గీయడానికి బొగ్గు ముక్క కూడా తీశాడు.

అందరికీ ఊపిరి తేలికైంది. యశోదమ్మ కూడా కొంచెం మెత్తబడింది. హేమలత అత్త మొహం చూసింది. కెంపమ్మ ఒక్క సరే అంటే గొడవ అక్కడితో ఆగిపోతుంది, పాప కూడా ఈ ఇంట్లోనే ఉండొచ్చు. కాదంటే బ్యాగు విప్పుతారు.

"రంపం తియ్యి," అంది కెంపమ్మ.

"మా..."

"తియ్యి అంటాండా. పొట్టిదైతే నేను కూసోవాల. కూసుంటే నన్ను లేపేదానికి ఒక మనిషి కావాల. మళ్ళ మొదటికే. అది ఒకటి." ఆమె కొడుకు వైపు తిరిగింది. "రెండోది. వొరే అమరా, నీకు గోడవైపు తిప్పి తినిపించినా. మండీలో. నీ మొకానికి సున్నం గోడ తప్ప ఏమీ కనిపించలా. దిష్టికి అని జెప్పినా అందరికీ. అబద్దం. ఉత్త నీళ్ళు తాపుతా ఉండానని సిగ్గు. ఇప్పుడు నా మనమరాలి గిన్నెలో ఏముందో ఊరంతా సూడనీ. నేను దాయను. తలుపూ ఎయ్యను. కాలూ కోయను. ఇష్టముంటే బిడ్డను నా తావ వదలండి, లేదంటే బ్యాగులో పెట్టుకుని పోండి."

అమర్‌నాథ్ చేతిలో బొగ్గు ముక్క అలాగే ఉంది. అతను తల్లి వైపు చూడలేక కుర్చీ కాలు వైపు చూస్తున్నాడు.

యశోదమ్మ మాత్రం తేలిగ్గా వదిలే రకం కాదు. "మాటలు సరే వొదినా. ఇప్పుడు హేమ కూసోబెట్టింటాది, నువ్వు చెంచా పట్టుకునింటావు. రేపు హేమ ఉండదు. నువ్వే దింపు, నువ్వే ఎక్కించు. ఎవురూ చెయ్యి పెట్టకూడదు. నేను సూడాల."

"సూడు."

కెంపమ్మ పట్టీ విప్పింది. పాపను రెండు చేతులతో తీసి, రెండడుగులు వేసి, వసారాలోని మంచం మీద కూర్చోబెట్టింది. అంత ఎత్తు మంచం కావాలని ఆమే కాళ్ళ కింద ఇటుకలు పెట్టించింది, వంగకుండా ఎత్తుకోవడానికి. వెనక్కి తిరిగి, మళ్ళీ పాపను పట్టుకుంది. ఎత్తింది. మోకాళ్ళు పటుక్కుమన్నాయి, వీధి అవతలికి కూడా వినబడి ఉంటుంది. పెదవి కొరుక్కుంది. కుర్చీ మీదికి ఎత్తేసరికి పాప ఒక కాలు చీర పట్టీలో ఇరుక్కుంది. పాప గింజుకుంది. హేమలత ఒక్క అడుగు ముందుకు వేసింది. యశోదమ్మ రెండు చేతులూ చాచింది.

"ఎవురూ రాగూడదన్నది నువ్వే గదా, ఆడే ఉండు!"

కెంపమ్మ ఎడమ చేత్తో పాపను రొమ్ముకు అదుముకుని, కుర్చీకి తన తొడ ఆనించి నిలదొక్కుకుని, కుడిచేత్తో ఆ చిన్న పాదాన్ని మెల్లగా తప్పించింది. కూర్చోబెట్టింది. పట్టీ కట్టింది. అడ్డపలక బిగించింది. నుదుటి మీద చెమట మోచేత్తో తుడుచుకుని, ఇడ్లీ ముక్క తుంచి నెయ్యిలో ముంచింది. పాప నోరు తెరిచింది. ఎదురింట్లో ఈశ్వరమ్మ బట్టలు పిండటం మరిచి చూస్తోంది.

హేమలత మొగుడి దగ్గరికి వచ్చి, రంపం అతని చేతిలో పెట్టింది.

"ఇది బాలప్పకు ఇచ్చేసి రా."

"మరి బ్యాగు..." అన్నాడు అమర్‌నాథ్ అత్తవైపు చూస్తూ.

"అమ్మా, ఆ బ్యాగులో నీ బట్టలేమన్నా ఉండాయా?" అంది హేమలత. "లేకపోతే నా చీర కట్టుకో. రెండు దినాలుండి పో. పాప ఇక్కడే ఉంటుంది. నేను రేపు బడికి పోతాను."

యశోదమ్మకు కండ్లలో నీళ్ళు తిరిగాయి. మనవరాలిని తీసుకుపోదామని వచ్చిన మనిషి, ఉత్త బ్యాగుతో ఉండిపోవాల్సి వచ్చింది. ముక్కు ఎగబీల్చి, "ఉంటా, ఉండి సూస్తా. రెండు దినాలు కాదు, వారం సూస్తా. ఒక్క పూట వణికినావా వొదినా, బిడ్డను ఎత్తుకుని పోతా," అంది.

"ఉండు, ఉండు. మంచిదే," అంది కెంపమ్మ, ఇంకో ముక్క తుంచుతూ. "ఇంత ఎత్తునుంచి బిడ్డ శానా రాలుస్తాది. నేనా, కిందికి వంగేదాన్ని కాదు. నువ్వు కూసుంటావు, లేస్తావు, పరిగెత్తుతావు గూడా. కూసో వొదినా, కుర్చీ కింద. పడినవి ఎత్తు."

యశోదమ్మ గట్టి జవాబే వెతుక్కుంది. ఈలోగా పాప ఇడ్లీ పట్టుకున్న పిడికిలి విప్పింది.